మీకు తెలుసా? బిల్హా పక్క రన్‌వే, పాత జెట్

ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్–రాయ్‌పూర్ రైలు మార్గంలో బిల్హాకు ముందు వచ్చే స్టేషన్ చకర్‌భఠా. బిలాస్‌పూర్ విమానాశ్రయం అక్కడే ఉంది. 2021 మార్చి 1న ఏటీఆర్ 72 రకం విమానాలతో ప్రయాణికుల సర్వీసులు మొదలయ్యాయి. రన్‌వే సుమారు 1,500 మీటర్లు.

సూపర్ మిడ్‌సైజ్ (మధ్యస్థం కంటే కాస్త పెద్ద) బిజినెస్ జెట్ కొని ఇక్కడి నుంచి ఎగరాలనుకునేవారికి ఈ అంకె చాలా ముఖ్యం. ఈ తరగతిలో పేరున్న బంబార్డియర్ ఛాలెంజర్ 300 (2004లో సేవలోకి వచ్చింది) నిండు బరువుతో, సముద్రమట్టం వద్ద, చల్లని రోజున లేవడానికే దాదాపు 1,470 మీటర్లు కావాలి. ఛత్తీస్‌గఢ్ మే నెల ఎండలో గాలి పలచబడి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఇంధనమో, మనుషులో తగ్గాల్సిందే. ఆకాశంలో 5,600 కిలోమీటర్లు పోగల జెట్‌కు నేల మీద చోటు చాలకపోవడం విచిత్రమే!

ఇలాంటి జెట్‌ను పాతది కొంటే, దాని ధరలో పెయింటు, సీట్ల తోలు కంటే కాగితాలకే విలువెక్కువ. తయారైన నాటి నుంచి లాగ్‌బుక్‌లు తెగకుండా ఉండాలి. ఒక్కటి పోయినా ధర పడిపోతుంది. కొనేముందు అమ్మకందారుతో సంబంధం లేని వర్క్‌షాపులో తనిఖీ చేయిస్తారు. ఇంజిన్‌లోకి సన్నని కెమెరా పంపి బ్లేడ్లు చూస్తారు, తుప్పు వెతుకుతారు. ఎగిరిన గంటకు ఇంత చొప్పున ఇంజిన్ మరమ్మతు పథకానికి డబ్బు కట్టి ఉంటే, కొత్త యజమానికి పెద్ద ఖర్చు తప్పుతుంది. విమానంపై అప్పులున్నాయేమో డబ్లిన్‌లోని అంతర్జాతీయ రిజిస్ట్రీలో వెతుకుతారు. భారత్‌లో నమోదైతే తోక మీది గుర్తు ‘వీటీ’తో మొదలవుతుంది.