పిల్లి ముసలిదైతే...

పధ్నాలుగేళ్ల కిందట వానకి తడిసి వాకిట్లోకొచ్చిన కూన అది. పాలు పోశారు, పేరు పెట్టారు. పిల్లలు దాంతో ఆడుకుంటూనే టెన్త్‌ పాసయ్యారు, ఇంజినీరింగ్‌ చేశారు, ఉద్యోగాలకని బెంగళూరో డాలసో వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది అమ్మా నాన్నా ఆ పిల్లీ. ఇప్పుడది బీరువా మీదకి ఎగరడం లేదు. పొద్దస్తమానం మంచం కింద ముడుచుకుని పడుకుంటోంది. ‘ముసల్దైపోయింది పాపం’ అని సరిపెట్టుకుంటున్నారు. అక్కడే వస్తోంది చిక్కంతా!

పదేళ్లు దాటిన పిల్లిని పెద్దవయసుదనే అనుకోవాలి. పదిహేనేళ్ల పిల్లి అంటే డెబ్భై అయిదు దాటిన మనిషితో సమానం. అమెరికాలోని ఆస్టిన్‌లో క్రీమ్‌ పఫ్‌ అనే పిల్లి 1967లో పుట్టి 2005 దాకా, అంటే 38 ఏళ్లు బతికి గిన్నిస్‌ రికార్డు కొట్టింది. అన్ని పిల్లులకూ అంత ఆయుష్షు రాదు కానీ, మంచి తిండీ టీకాలూ అందుతున్న పిల్లులు పదిహేనేళ్లు దాటి బతకడం ఇప్పుడు వింతేమీ కాదు. కాకపోతే ముసలి పిల్లి తన బాధని బయటికి చెప్పదు. కుక్కయితే మూలుగుతుంది, కుంటుతుంది. పిల్లి మాత్రం మూల వెతుక్కుంటుంది. 2002లో అమెరికా పరిశోధకులు పన్నెండేళ్లు దాటిన వంద పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే తొంభై పిల్లుల్లో కీళ్లో వెన్నో అరిగిన గుర్తులు కనిపించాయి. బీరువా ఎక్కనిది బద్ధకంతో కాదు, ఎక్కలేక అన్నమాట.

మరి నొప్పిని కనిపెట్టేదెలా? కెనడాలోని మాంట్రియల్‌ విశ్వవిద్యాలయం వాళ్లు దానికో లెక్క తయారుచేసి 2019లో ప్రకటించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల... ఈ అయిదింటినీ చూసి ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేయాలి. చెవులు పక్కకి వాలడం, కళ్లు సగం మూసుకోవడం, మూతి బిగుసుకోవడం, తల భుజాలకన్నా కిందికి దిగడం నొప్పికి గుర్తులు. పదికి నాలుగో అంతకన్నా ఎక్కువో వస్తే నొప్పికి మందు కావాలేమో డాక్టరు చూడాలి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మరో యుద్ధం. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందంటారు. బుట్టలో కుక్కి, ఆటోలో కుదిపి, కుక్కలు మొరుగుతున్న వరండాలో గంటసేపు కూర్చోబెడితే కొట్టకుండానే పులవుతుంది! అందుకే బుట్టని వారం ముందే అటక మీంచి దించి, పాత తువ్వాలు వేసి, తలుపు తీసి ఇంట్లో ఉంచాలి. వెళ్లేటప్పుడు పైన గుడ్డ కప్పాలి. మరీ బెదిరే పిల్లులకు బయల్దేరడానికి కొన్ని గంటల ముందు ఇచ్చేందుకు గాబాపెంటిన్‌ లాంటి మందుని డాక్టర్లే రాసిస్తున్నారు.

మంచి డాక్టరెవరో గోడమీది సర్టిఫికెట్ల కన్నా ఆయన చేతులే చెబుతాయి. మెడ వెనక తోలు పట్టుకుని పిల్లిని పైకి లేపేస్తున్నారా, లేక బుట్ట పైమూత తీసి అందులోనే ఉంచి పరీక్ష చేస్తున్నారా? అమెరికా, బ్రిటన్‌లలోని పిల్లివైద్యుల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు మెడ పట్టి లేపడం వద్దనే చెప్పాయి. పిల్లికి బీపీ చూస్తారా, రక్తపరీక్ష ఎందుకో, ఎంతవుతుందో ముందే చెబుతారా అన్నదీ అడగాలి. అడిగితే చిరాకుపడే డాక్టరైతే ఇంకొకరిని చూసుకోవడమే మేలు.

మన దగ్గర ఆ ఇంకొకరు దొరకడమే కష్టం. ఊళ్లలో ఉన్నవి పశువుల ఆసుపత్రులు. గేదెల వెనక, మేకల వెనక పిల్లిని చంకన పెట్టుకుని నిలబడాలి. నగరాల్లో పెట్‌ క్లినిక్‌లు పెరిగినా వచ్చేవాటిలో ఎక్కువ కుక్కలే. ఖర్చు భరించలేనివాళ్లకీ, జబ్బేమిటో తేలనివాళ్లకీ హైదరాబాద్‌ నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్‌ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్‌, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులూ ఉన్నాయి.

ముసలి పిల్లులను ఎక్కువగా పట్టిపీడించేది కిడ్నీ జబ్బు. నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎక్కువసార్లు ఉచ్చ పోస్తుంది, చిక్కిపోతుంది. పోయిన కిడ్నీ తిరిగిరాదు. అయినా తొందరగా కనిపెడితే నెలలేం ఖర్మ, కొన్ని పిల్లులు ఏళ్లే నెట్టుకొస్తాయి. భాస్వరం తక్కువుండే తిండి, వాంతులకు మందు, అవసరమైతే సెలైన్‌. ఆ సెలైన్‌ కోసం రోజూ ఆసుపత్రికి తిప్పక్కర్లేదు. భుజాల దగ్గర తోలుని గుడారంలా పైకెత్తి కిందికి సూది గుచ్చి ఎక్కించడం డాక్టరు దగ్గర నేర్చుకుని, ఆయన చెప్పిన మోతాదులో ఇంట్లోనే ఎక్కిస్తున్నవాళ్లున్నారు. మొదటిరోజు చెయ్యి వణుకుతుంది. వారం తిరిగేసరికి పిల్లి ఒళ్లో కునుకుతీస్తుంటే పని అయిపోతుంది. మందులు రాసి పంపేయకుండా ఈ పని ఓపిగ్గా చేసి చూపించే డాక్టరు దొరికితే వదలకూడదు.

థైరాయిడ్‌ది ఇంకో మాయ. ఆవురావురుమని తింటుంది, అయినా బక్కచిక్కిపోతుంది. తింటోంది కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. బీపీ పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చు. రెండ్రోజులు ముద్ద ముట్టకపోతే లివర్‌ దెబ్బతినే ప్రమాదముంది కాబట్టి ‘లంఖణం పరమౌషధం’ పిల్లికి పనికిరాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒళ్లు వెచ్చగా ఉందని మన పారాసిటమాల్‌ మాత్ర వేయకూడదు. దాన్ని విరిచేసే శక్తి పిల్లి లివర్‌కి లేదు. సగం మాత్రకే ప్రాణం పోవచ్చు.

ఏదో ఒకరోజు మందులు పనిచేయని దశ వస్తుంది. అప్పుడేం చేయాలన్నదే పెంచినవాళ్లకి పెద్ద బెంగ. అమెరికా పశువైద్యురాలు ఆలిస్‌ విలలోబోస్‌ 2004లో ఓ కొలమానం ఇచ్చారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజులకన్నా మంచిరోజులు ఎక్కువా కాదా... ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఇంకా ఫర్వాలేదు. తగ్గుతూ పోతుంటే డాక్టరుతో మాట్లాడాలి. కేలెండర్‌లో మంచిరోజుకి టిక్కు, చెడ్డరోజుకి ఇంటూ పెట్టుకున్నా చాలు, సంగతి తెలిసిపోతుంది.

చేతులారా చంపించడమా, పాపం కాదా అని మనవాళ్లు వెనకాడతారు. ఆ వెనకాడడంలో ప్రేమ ఉంది. ఊపిరందక రాత్రంతా నోరు తెరుచుకుని కూర్చున్న పిల్లికి మాత్రం ఆ ప్రేమ అందదు. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితిలో జంతువుకి కారుణ్య మరణాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టమూ ఒప్పుకుంది. పద్ధతిగా చేసే డాక్టరు ముందు మత్తు ఇస్తారు. అది నిద్రలోకి జారుకున్నాకే రెండో మందు. కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మాత్రం మూతపడవు, ఆ సంగతి ముందే చెప్పే డాక్టరు మంచి డాక్టరు.

ఇంటికొచ్చి చేస్తారా, పక్కన కూర్చోనిస్తారా, తర్వాత ఎక్కడ పాతిపెట్టాలి... ఇవన్నీ పిల్లి బాగున్న రోజునే అడిగి పెట్టుకోవాలి. బెంగళూరు పిల్లలకు, డాలస్‌ పిల్లలకు కూడా ముందే ఫోన్‌ చేసి చెప్పాలి. చివరిసారి చూడ్డానికి వాళ్లకీ ఓ శనివారం సాయంత్రం కావాలి కదా!