అమ్మకమా? సేకరణా? ఇంటి మీద సంతకం పెట్టే ముందు

ఇల్లు ఎప్పుడు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకునే విషయం. కొనడానికి వచ్చింది పక్క ఊరి ఆసామి అయితే ఇష్టం లేదని చెప్పి పంపొచ్చు. వచ్చింది ప్రభుత్వమైతే ఆ మాట చెల్లదు. అలాంటప్పుడు మన చేతిలో మిగిలేది ఒకటే: మన ముందు పెట్టిన కాగితం అమ్మకపు కాగితమా, భూసేకరణ కాగితమా అని గుర్తుపట్టడం. ఈ తేడా తెలియకపోతే ఎక్కువ నష్టపోయేది భూమి తక్కువగా ఉన్నవాళ్లు, అసలు లేనివాళ్లు. అంటే మన వాడలే.

సిద్దిపేట జిల్లా ఈ పాఠాన్ని మల్లన్నసాగర్‌లో నేర్చుకుంది. 50 టీఎంసీల ఈ జలాశయం కోసం తొగుట, కొండపాక మండలాల్లో వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్, ఎర్రవల్లి, సింగారం, బ్రాహ్మణ బంజేరుపల్లి ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2022 ఫిబ్రవరి 23న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దాన్ని ప్రారంభించారు. ఆ కుటుంబాలకు గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీలు కట్టారు.

'ఇష్టపూర్వక' అమ్మకం

2013 భూసేకరణ చట్టం అప్పటికే అమల్లో ఉంది. అయినా 2015 జూలై 30న ప్రభుత్వం జీవో 123 తెచ్చింది. ఇష్టపడే యజమానుల నుంచి బేరమాడి భూమి కొని రిజిస్టర్ చేసుకోవచ్చన్నది దాని సారం. పైకి చూస్తే ఇందులో బలవంతం కనపడదు. కానీ ఊరు మునుగుతుందని ముందే చెప్పి, ఆ తర్వాత అమ్ముతారా అని అడిగితే దాన్ని ఇష్టం అనలేం. వేములఘాట్ ప్రజలు 2016 జూన్‌లో రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నది ఇందుకే. అదే ఏడాది జూలై 24న రాజీవ్ రహదారి వైపు బయల్దేరిన ముంపు గ్రామాల ప్రజల మీద పోలీసు లాఠీలు విరిగాయి.

ఆ జీవోను కోర్టుకు ఈడ్చింది వ్యవసాయ కూలీలు. భూమి అమ్మిన ఆసామికి ధర వస్తుంది. ఆ భూమిలో నాట్లేసి, కలుపు తీసి బతికే కుటుంబం ఏ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ కనపడదు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి జీవో 123ను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. భూమిలేని కుటుంబాల కోసం విడిగా ఉత్తర్వులు కూడా ఇవ్వాల్సి వచ్చింది. తర్వాత 2017లో రాష్ట్ర శాసనసభ చేసిన సవరణ చట్టం ఒప్పందం ద్వారా కొనే పద్ధతిని 30ఎ సెక్షన్‌గా భూసేకరణ చట్టంలోకే తెచ్చింది. అందుకే ఈ ప్రశ్న పాతబడలేదు.

సేకరణ అయితే ఏం వస్తుంది?

కేంద్ర చట్టం ప్రకారం స్థలం మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతంలో 1 నుంచి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చిస్తారు. దానికి ఇల్లు, చెట్లు, బావి విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి అంతే సొమ్ము సొలేషియంగా చేరుస్తారు. ఒక లెక్క చూద్దాం. స్థలం విలువ 2 లక్షలు, గుణకం 1.25, ఇంటి కట్టడం 3 లక్షలు అనుకుందాం. స్థలానికి 2.5 లక్షలు, కట్టడంతో కలిపి 5.5 లక్షలు, సొలేషియంతో 11 లక్షలు. స్థలం విలువ మీద ఏటా 12 శాతం అదనపు సొమ్ము దీనికి వేరు.

ఇదంతా పరిహారం. పునరావాసం దీనికి అదనం. ఇల్లు పోయిన కుటుంబానికి ఇల్లు కట్టివ్వాలి. అక్కడ మూడేళ్లుగా ఉంటున్నవాళ్లకు సొంత ఇల్లు లేకపోయినా ఈ హక్కు ఉంది. రవాణా ఖర్చుకు 50 వేలు, స్థిరపడటానికి మరో 50 వేలు, ఏడాది పాటు నెలకు 3 వేలు చట్టంలోనే రాసి ఉన్నాయి. ఉద్యోగం, లేదా 5 లక్షలు, లేదా 20 ఏళ్ల పాటు నెలకు 2 వేలకు తగ్గని సొమ్ము: ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవాళ్లు కూడా 'బాధిత కుటుంబం' కిందికే వస్తారు. వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసిన స్త్రీలు వేరే కుటుంబాలుగా లెక్క. పెళ్లి అయినా కాకపోయినా, వయసు వచ్చిన కొడుకైనా కూతురైనా వేరే కుటుంబమే. అందుకే సర్వే జాబితాలో ఇంటి యజమాని పేరు ఉంటే చాలదు. ఆ ఇంట్లో ఉన్న ప్రతి పేరూ చూసుకోవాలి.

దళిత, ఆదివాసీ కుటుంబాలను తరలించాల్సి వస్తే అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలని 41వ సెక్షన్ చెబుతోంది. పరిహారంలో మూడో వంతు మొదటి విడతగా ముందే ఇవ్వాలి. జిల్లా దాటించి పంపితే పునరావాస ప్రయోజనాలు 25 శాతం పెరగాలి. నీటి ప్రాజెక్టుల్లోనైతే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలి.

తొందరపడి అమ్మితే

ప్రాజెక్టు వస్తుందన్న మాట ఊళ్లో పడగానే దళారులు దిగుతారు. అప్పుల్లో ఉన్న ఇల్లు ముందు అమ్ముడుపోతుంది. సెక్షన్ 11 ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక కలెక్టర్ ప్రత్యేక అనుమతి లేకుండా ఆ స్థలం అమ్మడం, కొనడం కుదరదు. మార్కెట్ విలువను లెక్కగట్టేదీ ఆ నోటిఫికేషన్ తేదీ నాటికే. ఆ లెక్క కోసం అంతకుముందు మూడేళ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలు చూసి, వాటిలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు తీస్తారు.

దీని అర్థం వాడ మొత్తానికి తెలియాలి. స్టాంపు ఖర్చు తగ్గుతుందని 6 లక్షల అమ్మకాన్ని 2 లక్షలుగా రాయిస్తే, రేపు పక్కింటివాళ్ల పరిహారం కూడా అక్కడికే జారుతుంది. సాదా బైనామా మీద ఎంతకు అమ్మినా ఆ ధర లెక్కలోకే రాదు. కాబట్టి ఇల్లు ఎప్పుడు అమ్మాలన్నది ముంపు ప్రమాదం ఉన్న ఊళ్లో ఒక్క ఇంటి నిర్ణయంగా మిగలదు. వాడ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం అది.

మన ఇళ్లకు ఉన్న మరో చిక్కు

మన వాళ్ల ఇళ్లు చాలావరకు ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలాల్లో ఉంటాయి. 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఈ స్థలాల అమ్మకం చెల్లదు. కాగితం రాసిచ్చినా కొన్నవాడికి హక్కు రాదు. ఆ స్థలాన్ని స్వాధీనం చేసుకుని అసలు లబ్ధిదారుకో వారసులకో తిరిగి ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఈ చట్టాన్నే చూపించి 'మీది సర్కారు భూమి, పరిహారం తక్కువ' అనే అధికారులు ఉంటారు. దానికీ జవాబుంది. అసైన్డ్ భూమిని ప్రజావసరాలకు తీసుకున్నప్పుడు పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చెప్పింది.

సంతకానికి ముందు

కాగితం తెలుగులో ఇవ్వమని అడగండి. అది ఏ సెక్షన్ కింద వచ్చిందో రాయించండి. 'ఇష్టపూర్వకంగా', 'ఒప్పందం', 'ఇక ఎలాంటి క్లెయిమ్ ఉండదు' అన్న మాటలు కనిపిస్తే అక్కడే ఆగి వకీలుకు చూపించండి. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, స్థలం పట్టా నకళ్లు ఒకచోట పెట్టండి. కూల్చేలోపే కొలతలతో ఫొటోలు తీయండి. కూలీ కుటుంబాలైతే ఉపాధి హామీ జాబ్ కార్డు దాచుకోవాలి. సెక్షన్ 11 నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరాలకు 60 రోజుల గడువుంది. అవార్డు నచ్చకపోతే, అది ప్రకటించినప్పుడు అక్కడే ఉన్నవాళ్లు ఆరు వారాల్లోగా కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టి, విషయాన్ని భూసేకరణ అథారిటీకి పంపమని కోరాలి.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగలిగిన పని ఇక్కడే మొదలవుతుంది. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం కన్నా ముందే వాడలో ఇంటింటి జాబితా రాసి పెట్టాలి. ఎవరి స్థలం ఏ పట్టా, ఎంతమంది వయసు వచ్చినవాళ్లు, ఎవరు ఎన్నేళ్లుగా ఏ పని చేస్తున్నారు అన్నది అందులో ఉండాలి. అధికారుల సర్వేలో ఒక ఒంటరి స్త్రీ పేరో, ఒక కూలీ పేరో తప్పిపోయిన రోజున అభ్యంతరం రాయడానికి ఆ జాబితాయే ఆధారమవుతుంది.