‘పిచ్చి’ అనే ముందు...

అరవై ఎనిమిదేళ్ల తల్లిని కొడుకు ఓపీకి తీసుకొచ్చాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. గోడల మీద చీమలు పాకుతున్నాయంటోంది. ఎప్పుడో పోయిన భర్తను పేరు పెట్టి పిలుస్తోంది. ‘‘అమ్మకు పిచ్చి పట్టింది సార్, ఎర్రగడ్డకు రాసివ్వండి’’ అన్నాడతను. రక్తపరీక్ష చేయించాం. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఆమెకు 114 ఉంది. బీపీకి వాడుతున్న మాత్ర వల్ల ఒంట్లో సోడియం పడిపోయింది. ఆ మాత్ర ఆపి, నెమ్మదిగా సరిచేశాం. నాలుగో రోజు ఆమె లేచి కూర్చుని కాఫీ అడిగింది.

దీన్ని డెలీరియం అంటాం. పెద్దవాళ్లలో మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, కొన్ని రకాల మాత్రలు కూడా ఇలా చేస్తాయి. రోజూ తాగేవారు మందు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఇదే పరిస్థితి రావచ్చు.

అయితే పిచ్చి అన్నది చూసేవాళ్ల కళ్లలోనే ఉందా?

ఒక్కోసారి అవును. యజమాని దగ్గర నుంచి పారిపోవాలనుకునే బానిసలది మానసిక రోగమని 1851లో ఓ అమెరికా వైద్యుడు పేరు పెట్టాడు. స్వలింగ ఆకర్షణను కూడా అక్కడి సైకియాట్రీ సంఘం 1973 వరకు జబ్బుల జాబితాలోనే ఉంచింది. జబ్బు వాళ్లలో లేదు, చూసేవాళ్ల నమ్మకంలో ఉంది. అందుకే మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సమాజం విలువలకో, మత నమ్మకాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదంటుంది. పెళ్లి వద్దన్న అమ్మాయి, ఉద్యోగం మాని సేద్యం చేస్తానన్న అబ్బాయి మనకు నచ్చకపోవచ్చు. అది జబ్బు కాదు.

అలాగని జబ్బే లేదనుకోవద్దు. స్కిజోఫ్రెనియా ఉన్న వ్యక్తికి వినిపించే గొంతులు అతనికి నిజంగానే వినిపిస్తాయి. ఆ భయం కూడా నిజమే. మందులతో చాలామందికి తగ్గుతుంది. చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది.

ఈ మూడూ చూడండి

ఎప్పుడు మొదలైంది? గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మనిషి మారిపోతే ముందు ఒంట్లో కారణం వెతకాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి.

నిద్ర, తిండి, పని దెబ్బతిన్నాయా? భర్త పోయిన నెలలో ఆయన గొంతు వినిపించిందని అవ్వ చెబితే అది దుఃఖం కావచ్చు. రోజులు గడిచినా తిండీ నిద్రా లేకుంటే మాత్రం వైద్యుడికి చూపించాలి.

తనకు గానీ, ఇతరులకు గానీ ప్రమాదం ఉందా? ఉంటే ఒంటరిగా వదలకండి, 108కి ఫోన్ చేయండి. మానసిక సమస్యలపై సలహాకు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా, ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

డిశ్చార్జి రోజు ఆ కొడుకు నసుగుతూ అడిగాడు: ‘‘వీధిలో అందరూ పిచ్చి అనుకుంటున్నారు, ఏం చెప్పమంటారు సార్?’’

‘‘సోడియం తగ్గిందని చెప్పండి, అదే నిజం’’ అన్నాను. ఒకవేళ అది మానసిక వ్యాధే అయినా, షుగర్ ఉందని చెప్పినంత మామూలుగా ఆ మాటా చెప్పుకోగలగాలి.