ఊరకున్న కంప్యూటరు ఎందుకు వేడెక్కుతుంది?

కంప్యూటర్ల గదిలో విద్యార్థులెవరూ లేరు. యంత్రాలు మాత్రం నడుస్తూనే వున్నవి. అవి ఏ లెక్కా చేయడంలేదు. అయినా పెట్టె వెనుక చేయిపెట్టి చూస్తే వెచ్చని గాలి తగులుతుంది. పని లేనప్పుడు ఈ వేడి ఎక్కడినుంచి వస్తున్నది?

శక్తి నశించదు, రూపం మాత్రం మార్చుకుంటుంది. మోటారు తీసుకున్న విద్యుచ్ఛక్తిలో కొంత భాగం నీటిని పైకి తోడుతుంది. కంప్యూటరు తీసుకున్నదో, దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. ఊరకున్న పెట్టె ఒకటి 50 వాట్లు తీసుకుంటున్నదనుకుందాం. అంటే సెకనుకు 50 జౌళ్ళ వేడి గదిలోకి వస్తున్నదన్నమాట. అటువంటివి 20 వుంటే 1000 వాట్లు. గదిలో ఒక కిలోవాటు హీటరు పెట్టినట్లే!

లోపలి ఫ్యాను ఈ వేడిని పోగొడుతుందని కొందరనుకుంటారు. అది వేడిని పెట్టెలోనుంచి గదిలోకి తోస్తుంది, అంతే. గదిలో ఎయిర్ కండిషనరు వుంటే, ఆ వేడిని బయటికి పంపడానికి అది మరికొంత విద్యుత్తు తీసుకుంటుంది. కాబట్టి వేడి తగ్గాలంటే ముందు విద్యుత్తు వాడకమే తగ్గాలి.

ఇందుకు మార్గమేమిటి? కంప్యూటరుకు మెదడువంటి ప్రాసెసరులో కోట్లకొలది ట్రాన్సిస్టర్లు వుంటవి. అవి స్థితి మార్చుకున్నప్పుడల్లా కొంత విద్యుదావేశం నిండి, ఖాళీ అవుతుంది. దీనికి ఖర్చయ్యే సామర్థ్యం పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో వుంటుంది. వోల్టేజిని అయిదోవంతు తగ్గిస్తే 0.8 × 0.8 = 0.64, అంటే 36 శాతం ఆదా. పౌనఃపున్యాన్ని కూడా సగం చేస్తే మిగిలేది 0.32 వంతు మాత్రమే.

ఎమ్మెస్-డాస్ రోజులలో ప్రాసెసరు పనిలేకపోయినా, “మీట నొక్కారా?” అని పదే పదే చూచుకుంటూ వుండేది. నేటి ప్రాసెసరు పనిలేని క్షణాలలో ఆగిపోతుంది. వోల్టేజినీ, వేగాన్నీ తానే తగ్గించుకుంటుంది. పవర్ ఆప్షన్లలో “హై పెర్ఫార్మెన్స్” ఎన్నుకుంటే ఈ పొదుపుకు అడ్డు తగలవచ్చు. “బ్యాలెన్స్‌డ్” చాలును.

ఐనా మదర్‌బోర్డు, మెమరీ, పవర్ సప్లై మేలుకొనే వుంటవి. 80 శాతం దక్షత గల పవర్ సప్లై లోపలి భాగాలకు 40 వాట్లు అందించడానికి గోడలోని ప్లగ్గు నుంచి 50 వాట్లు తీసుకుంటుంది. మిగిలిన 10 వాట్లు అందులోనే వేడిగా మారుతవి. అందువల్ల కొద్ది నిమిషాల విరామానికి తెరను ఆర్పడం, ఇంకా ఎక్కువసేపైతే యంత్రాన్ని “స్లీప్” స్థితిలో వుంచడం మేలు. ఆ స్థితిలో మెమరీకి మాత్రం విద్యుత్తు అందుతుంది. మొత్తం ఖర్చు కొద్ది వాట్లకు దిగుతుంది. తెరపై బొమ్మలు కదిలించే స్క్రీన్ సేవరు మాత్రం విద్యుత్తును పొదుపు చేయదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1992లో “ఎనర్జీ స్టార్” గుర్తును ప్రారంభించినప్పుడు మొదట ఎన్నుకున్నవి కంప్యూటర్లు, వాటి తెరలే.

లెక్క చూడండి. పైన చెప్పిన 20 యంత్రాలు రోజుకు 3 గంటలు ఊరక నడిస్తే ఖర్చు 3 యూనిట్లు. 200 పనిదినాలకు 600 యూనిట్లు. ఒక్కొక్కటి 2 వాట్లతో నిద్రిస్తే 24 యూనిట్లు మాత్రమే. మీ పాఠశాలలో ఒకరోజు యంత్రాలను ఊరక నడిపి, మరొకరోజు నిద్రపుచ్చి, మీటరు అంకెలను విద్యార్థులచేతనే రాయించండి. శక్తి నిత్యత్వ సూత్రానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ దొరకదు.