మన ఊరి వాలీబాల్ జట్టు

వాలీబాల్‌లో ఒక్కో పక్క ఆరుగురు ఆడతారు. అయినా జట్టులో పదిమందిని చేర్చుకోండి. వరికోతలప్పుడు నలుగురు రారు గదా!

కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. ముగ్గుపిండితో గీతలు గీయండి. సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం. వల ఎత్తు మగవాళ్లకు 2 మీటర్ల 43 సెంటీమీటర్లు. ఆడవాళ్లకు 2 మీటర్ల 24 సెంటీమీటర్లు.

బంతికీ, వలకీ చందాలు వేసుకోవాలి. తగవులొచ్చేది ఇక్కడే. ఎవరెంత ఇచ్చారో, దేనికెంత అయిందో నోటుబుక్కులో రాయండి. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర ఉంచండి. నెలకోసారి అందరి ముందూ లెక్క చదివి, సంతకాలు పెట్టించండి. వేలిముద్రలు వద్దు!

చందా ఇచ్చినవాళ్లను రోజూ పక్కన కూర్చోబెడితే మానేస్తారు. ఒక ఆట అవగానే వాళ్లనూ కోర్టులోకి దింపండి. చీకటిపడ్డాక వల విప్పి ఎవరింట్లో పెట్టారో, అదీ పుస్తకంలో రాయండి.