పరిశోధన వ్యయము – పన్ను మినహాయింపు

మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో బాన్సువాడ పరిసరములలో వరి విరివిగా పండుచున్నది. ఆ వరిపై మిల్లులును, విత్తన వ్యాపారమును ఆధారపడియున్నవి. నూక తగ్గించు విధానమునకో, తెగులునకు తాళు వంగడమునకో ధనము వెచ్చించి పరిశోధించు వర్తకునికి ప్రభుత్వము పన్నులో కొంత విడుచునని పలువురు వినియుందురు. ఎవరికి, ఎంత, ఏ ఆధారమున విడుచునో విచారించువారు కొలదిమంది. చట్టము ఎవరికిని చుట్టము కాదు. తెలిసికొన్నవానికి మాత్రము అక్కరకు వచ్చును.

ఆధారములు నాలుగు. మొదటిది పార్లమెంటు చేసిన శాసనము. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములో ఇది 35వ సెక్షను. రెండవది 1962 నాటి నియమావళి. మూడవది ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులరులు. నాలుగవది న్యాయస్థానముల తీర్పులు. వీనిలో శాసనమే మూలము. శాసనమునకు విరుద్ధమైన సర్క్యులరు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో, ఎక్సైజు సుంకమునకు సంబంధించిన రతన్ మెల్టింగ్ వ్యాజ్యమున, స్పష్టపరచినది.

అమెరికాలో 1981 నుండి పరిశోధన వ్యయములో కొంతభాగమును చెల్లింపవలసిన పన్నునుండియే తగ్గించుచున్నారు. మన చట్టము వ్యయమును ఆదాయమునుండి తగ్గించును. లక్ష రూపాయలు వెచ్చించి, నూటికి 30 వంతున పన్ను చెల్లించువానికి 30 వేలు మిగులును. సొంత పరిశోధనశాలకు కేంద్రశాఖ ఆమోదము పొందిన కంపెనీలకు 2010 నుండి వ్యయమును రెట్టింపుగా లెక్కించిరి. 2017 ఏప్రిలు నుండి అది ఒకటిన్నర రెట్లయినది. 2020 ఏప్రిలు నుండి వెచ్చించినంతయే మిగిలినది. పాతమాట నమ్మి నేడును రెట్టింపు వ్రాసికొన్న వర్తకుడు జరిమానాకు గురియగును.

చిన్నవర్తకుడు నిరాశపడ నక్కరలేదు. తన వ్యాపారమునకు సంబంధించిన పరిశోధనను తానే చేసికొని, ఆ వ్యయమును ఆదాయమునుండి తగ్గించుకొనుటకు కంపెనీయే కానక్కరలేదు. ముందుగా ఢిల్లీ ఆమోదమును అక్కరలేదు. పరికరములపై పెట్టుబడి చెల్లును. భూమి వెల చెల్లదు. చేసినది పరిశోధనయా కాదా యను ప్రశ్న వచ్చినచో బోర్డు దానిని నిర్ణీతాధికారికి పంపును; ఆ నిర్ణయమే తుది. కొత్త మర కొనినంతమాత్రమున పరిశోధన కాదు. కావున ప్రయోగముల వివరములను, రశీదులను, ఫలితములను ఏనాటి కానాడు వ్రాసియుంచవలయునని మా సలహా. 2025లో ఆమోదము పొందిన కొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి ప్రాతదాని స్థానమున నిలుచునట్లు విధించిరి. సెక్షనుల సంఖ్యలును మారినవి. ఏ సంవత్సరపు లెక్కకు ఆ సంవత్సరపు పాఠమునే చూడవలయును.

ఇక రైతు మాట. శాస్త్రపరిశోధనకు చట్టమిచ్చిన నిర్వచనములో వ్యవసాయమును, పశుపోషణమును చేరియున్నవి. కాని వ్యవసాయాదాయముపై కేంద్రపు పన్ను లేదు; పన్ను లేనిచోట మినహాయింపునకు తావు లేదు. తన మడిలో ఏటేటా మేలైన వెన్నులు ఏరి, విత్తి, పరీక్షించు రైతునకు ఈ చట్టమువలన ఒక్క రూపాయియు రాదు. అదే పని చేయించు విత్తన కంపెనీకి వచ్చును. పన్ను లేకుండుట మేలే. దానిని మేము కాదనము. కాని పన్ను దారిన చేరని ప్రోత్సాహమును నేరుగా చేర్చుట ప్రభుత్వధర్మము. తన వంగడమును నమోదు చేసికొను హక్కును 2001 నాటి చట్టము రైతున కిచ్చినది. ప్రయోగమునకగు వ్యయమునకును సాయమందినగాని ఆ హక్కు సఫలము కాదు. శాసనకర్తలు దీనిని యోచింతురు గాక.