గజిబిజి గీతల్లో గౌనుంది... వెతకండి!

కాగితం నిండా గీతలే. ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా, వంపులు తిరుగుతూ. పక్కన అర్థంకాని జపాను అక్షరాలు. చూడగానే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ గజిబిజిలోనే బోలెడు గౌన్లు, టాప్‌లు, ప్యాంట్లు దాక్కుని ఉన్నాయి. వాటిని వెతికి పట్టుకోవడం తెలిస్తే చాలు... హుజూరాబాద్ కుట్టుమిషనుకీ టోక్యో ఫ్యాషనుకీ మధ్య దూరం ఒక్క ట్రేసింగ్ పేపరే!

హుజూరాబాద్‌లోనైనా, పక్కనున్న జమ్మికుంటలోనైనా జాకెట్టు కుట్టించుకోవాలంటే ఏం చేస్తాం? కొత్త గుడ్డతో పాటు 'ఆది జాకెట్టు' కూడా సంచీలో వేసుకుని వెళ్తాం. కుట్టేవాళ్లు దాన్ని గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర పెడతారు. ఆది ఉన్నంతవరకూ బాగానే ఉంటుంది. లేకపోతేనే చిక్కు. పెద్దమ్మాయి గౌను చూసి చిన్నమ్మాయికి రెండు సైజులు తగ్గించి కుట్టాలంటే చాలామందికి అక్కడే చెయ్యి ఆగిపోతుంది. మెడ ఎంత తగ్గాలి? చంక ఎంత తగ్గాలి? లెక్క తప్పితే గుడ్డ పాడవుతుంది. ఇంటి దగ్గర మిషను పెట్టుకుని నాలుగు డబ్బులు సంపాదించే ఇల్లాలికి అది పెద్ద నష్టమే. జపాను కుట్టు పుస్తకాలు జవాబు చెప్పేది సరిగ్గా ఈ ప్రశ్నకే.

ఎందుకీ గందరగోళం?

సైజుల వారీగా కాగితపు నమూనాలు అమ్మడం కొత్తదేమీ కాదు. అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లోనే మొదలుపెట్టాడు. జర్మనీ పత్రిక 'బుర్దా' నమూనాల షీట్లతో ఇంటింటి దర్జీలను తయారుచేసింది. జపానులో ఈ చదువుకు పెద్ద బడి టోక్యోలోని బుంకా ఫ్యాషన్ కాలేజీ. దాని మూలాలు 1919లో మొదలైన చిన్న కుట్టు పాఠశాలలో ఉన్నాయి. ప్రపంచ ప్రసిద్ధ డిజైనర్లు కెంజో తకాడా, యోజీ యమమోతో అక్కడ చదువుకున్నవాళ్లే. ఆ కాలేజీకి చెందిన ప్రచురణ సంస్థ కుట్టు పుస్తకాలెన్నో వేసింది.

ఈ తరహా పుస్తకాల చివర మడతపెట్టిన పెద్ద షీటు ఉంటుంది. ఒక్కో డిజైనుకు ఒక్కో కాగితం ఇస్తే పుస్తకం మూటంత అవుతుంది. అందుకే ఒకే షీటు మీద, రెండు వైపులా, అన్ని డిజైన్లూ, అన్ని సైజులూ ఒకదాని మీద ఒకటి అచ్చువేస్తారు. కాబట్టి షీటును కత్తిరించకూడదు. కావాల్సిన గీతను మాత్రం వేరే కాగితం మీదకు ఎక్కించుకోవాలి.

పట్టుకునేదెలా?

ముందు కొలతలు. టేపును అంగుళాల వైపు నుంచి సెంటీమీటర్ల వైపు తిప్పండి. జపాను పుస్తకాల్లో అన్నీ సెంటీమీటర్లే. ఆడవాళ్ల సైజులు చాలావరకు 7, 9, 11, 13 అని ఉంటాయి. ఆ దేశపు ప్రమాణాల ప్రకారం 9 అంటే ఛాతీ 83 సెంటీమీటర్లు, అంటే దాదాపు 33 అంగుళాలు. 7 నుంచి 13 దాకా సైజు సైజుకీ ఛాతీలో 3 సెంటీమీటర్ల తేడా. అయితే పుస్తకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. పుస్తకంలోని పట్టిక చూశాకే సైజు ఎంచుకోవాలి.

తర్వాత డిజైను పేజీకి వెళ్లండి. నమూనా షీటులో ఏ వైపు ఉందో, ఎన్ని ముక్కలున్నాయో అక్కడ రాసి ఉంటుంది. భాష రాకపోయినా నాలుగైదు మాటలు గుర్తుపడితే పని నడుస్తుంది. 'మాఎ' అంటే ముందుభాగం, 'ఉషిరో' వెనక, 'సోదె' చెయ్యి, 'ఎరి' కాలరు. గీత పక్కన 'వ' అని పలికే అక్షరం కనిపిస్తే అక్కడ గుడ్డను మడతపెట్టాలని అర్థం. బాణం గుర్తు నిలువు పోగు దిశ చెబుతుంది. ఇక మనకు చుట్టాల్లాంటి మాటలూ ఉన్నాయి. కుట్టుమిషనును జపానువాళ్లు 'మిషిన్' అంటారు. బొత్తాన్ని 'బోతాన్' అంటారు. మన బొత్తాం, వాళ్ల బోతాన్ రెండూ పోర్చుగీసు మాట నుంచి వచ్చినవే!

సైజును బట్టి గీత తీరు మారుతుంది. ఒకటి గట్టి గీత, ఒకటి చుక్కలు, ఒకటి చుక్కా గీతా కలిసినది. మీ సైజు గీత మూలల దగ్గర ముందుగా రంగు పెన్సిలుతో గుర్తులు పెట్టుకోండి. ఆపైన బటర్ పేపరు పరిచి, జరగకుండా బరువు పెట్టి గీయండి. బాణం, మడత, డాట్లు, జేబు గుర్తులు వదలొద్దు. ముక్క పేరు, సైజు దాని మీదే రాసుకోవాలి.

ఆ ఒక్క సెంటీమీటరు!

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఈ నమూనాల్లో చాలావాటికి కుట్టు కోసం వదిలే గుడ్డ కలిపి ఉండదు. ఉన్నది ఉన్నట్టు కత్తిరిస్తే డ్రెస్ బిగుతైపోతుంది. గుడ్డ మీద ముక్కలు ఎలా పరచాలో చూపే బొమ్మలో, ఎక్కడ ఎంత వదలాలో అంకెలుంటాయి. మామూలుగా చుట్టూ 1 సెంటీమీటరు, కింద అంచుకు 3 లేదా 4 అని కనిపిస్తుంది. గుడ్డ పన్నా మనకు దొరికేదానికి సరిపోతుందో లేదో కూడా ఆ బొమ్మలోనే చూసుకోవాలి.

ఛాతీ 9లో, తుంటి 13లో ఉందా? కంగారొద్దు. చంక దగ్గర 9 గీత మీద మొదలై, తుంటి దగ్గరికి వచ్చేసరికి 13 గీతను అందుకునేలా నున్నగా వంపు కలపండి. అన్ని సైజులూ ఒకేచోట ఉండటంలో లాభమే అది. జపాను డిజైన్లలో వదులుగా ఉండేవి ఎక్కువ. అందుకే మీకు బాగా కుదిరిన కుర్తీని నమూనా మీద పరిచి పోల్చండి. మన ఆది ఇక్కడా పనికొస్తుందన్నమాట! తర్వాత పాత చీరతోనో దుప్పటితోనో ఒకటి కుట్టి, వేసుకు చూసి, ఆపైనే కొత్త గుడ్డకు కత్తెర పెట్టండి.

గీతలు నేర్పే లెక్క

ఆ షీటును ఇంకోసారి నిదానంగా చూడండి. మెడ దగ్గర సైజుల గీతలు దాదాపు అంటుకుని ఉంటాయి. పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఎడమవుతాయి. అంటే మనిషి లావైనంత మాత్రాన మెడ అంతే లెక్కన పెరగదన్నమాట. చిన్నమ్మాయి గౌను దగ్గర చెయ్యి ఎందుకు ఆగిందో, దానికి జవాబేమిటో ఆ గీతల ఎడంలోనే ఉంది.

ఈ లెక్క సరదాకే కాదు. ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాంలు కుట్టే పని తెలంగాణలో 2024లో మహిళా సంఘాలకు దక్కింది. ఒకటే డిజైను, తరగతి తరగతికీ మారే సైజులు. ఒక్క నమూనా నుంచి మిగతావి దించడం వచ్చినవాళ్లకు అలాంటి పనిలో గుడ్డా కలిసొస్తుంది, సమయమూ కలిసొస్తుంది.

ఓ జాగ్రత్త. పుస్తకంలోని డిజైనును కుట్టి అమ్మకూడదని కొన్ని పుస్తకాల్లో షరతు ఉంటుంది. ఇంట్లోవాళ్లకైతే నిశ్చింతగా కుట్టుకోవచ్చు. అమ్మకానికైతే ఆ విద్య నేర్చుకుని సొంత నమూనా గీసుకోవడమే మేలు.

మొదటి ప్రయత్నానికి చేతుల్లేని చిన్నపిల్లల గౌను ఎంచుకోండి. ముక్కలు తక్కువ, గుడ్డ తక్కువ. దసరా సెలవుల్లో మొదలుపెడితే బతుకమ్మ నాటికి పాపకు కొత్త గౌను సిద్ధం!